డీటీపీ సెంటర్‌లో లాంచర్ మెనూ: ప్రాజెక్టు డైరీ

తెనాలిలోని మా చిన్న డీటీపీ సెంటర్‌లో ప్రోగ్రాములను, ఫోల్డర్లను ఒకే మెనూలోకి తెచ్చిన పని వివరాలు ఇవి. మాకు మూడు కంప్యూటర్లు ఉన్నాయి. ఒకటి, రెండు నంబర్ల మీద ఆపరేటర్లు పేజ్‌మేకర్, ఫొటోషాప్, కోరల్‌డ్రాలలో పెళ్లికార్డులు, ఫ్లెక్సీలు, బిల్లు పుస్తకాలు సెట్ చేస్తారు. మూడోది నేను బిల్లులకు వాడుకునేది. ఒకటో నంబరులో విండోస్ 10, మిగతా రెండింటిలో విండోస్ 11 ఉన్నాయి. పనంతా ఆషాఢంలో పెట్టుకున్నాను. ముహూర్తాలు లేని నెలలో తప్ప మా యంత్రాల మీద ప్రయోగాలకు తీరిక దొరకదు.

తొందర ఉన్నవారు నేరుగా ఆరో దశకు వెళ్లవచ్చు. ముందు దశల్లో ఉన్నవి ఎవరిని అడిగినా మొదట చెప్పే దారులే. అవి మా పనికి ఎక్కడ ఆగిపోయాయో కూడా రాశాను.

దశ 1: ముందుగా కొలతలు

ఏది బాగుందో ఏది లేదో తేల్చడానికి మూడు పనులు ఎంచుకుని, ఫోనులోని స్టాప్‌వాచ్‌తో కొలిచాను. కొలిచింది రెండో నంబరు మీద, ఆపరేటర్ రోజూ చేసే తీరులోనే.

పని అ: పేజ్‌మేకర్ తెరవడానికి ఐకాన్ పట్టుకోవడం.
పని ఆ: ఖాళీ పెద్దకర్మ కార్డు డిజైన్ తెరవడం.
పని ఇ: నిరుడు వేసిన పెళ్లికార్డును పేరు చెబితే వెతికి తెరవడం.

రెండో పనికి పెద్దకర్మ కార్డు ఎందుకంటే, ఆ పనికి వచ్చినవారికి అదే రోజు సాయంత్రానికి కార్డు చేతిలో ఉండాలి. వారిని కూర్చోబెట్టి మనం ఫోల్డర్లు తవ్వుతూ ఉంటే బాగుండదు.

మొదటి లెక్క:
డెస్క్‌టాప్ మీద ఐకాన్లు: 143
పని అ: 6 సెకన్లు
పని ఆ: 31 సెకన్లు
పని ఇ: 2 నిమిషాల 50 సెకన్లు
ఖర్చు: రూ.0

143 ఐకాన్లలో ప్రోగ్రాములు పదకొండే. మిగతావన్నీ "ఫైనల్", "ఫైనల్ కొత్తది", "ఫైనల్ ప్రూఫ్ తర్వాత" లాంటి పేర్లతో ఉన్న పాత పనులు.

దశ 2: టాస్క్‌బార్ టూల్‌బార్

ఒకటో నంబరులో ఏళ్ల తరబడి వాడుతున్న పద్ధతి ఇది. విండోస్ 10లో టాస్క్‌బార్ మీద కుడి క్లిక్ చేసి, టూల్‌బార్స్‌లో న్యూ టూల్‌బార్ ఎంచుకుని ఏదైనా ఫోల్డరు చూపిస్తే చాలు. గడియారం పక్కన చిన్న బాణం గుర్తు వస్తుంది. దాన్ని నొక్కితే ఆ ఫోల్డరు, దాని లోపలి ఫోల్డర్లు మెట్లుమెట్లుగా మెనూలా విచ్చుకుంటాయి. విడిగా సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు.

చిక్కల్లా రెండో నంబరుతో వచ్చింది. 2021లో వచ్చిన విండోస్ 11లో ఈ టూల్‌బార్ల సదుపాయాన్నే తీసేశారు. ఒకటో నంబరు మీదైనా దీన్ని నమ్ముకుని ఉండలేం, విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఆ యంత్రాన్నీ ఎప్పుడో ఒకప్పుడు మార్చాలి. అందువల్ల ఈ దారి మూసేశాను.

విండోస్ 11 స్టార్ట్ మెనూలో పిన్ చేసిన ఐకాన్లను గుంపులుగా పెట్టుకునే వీలు 22హెచ్2 అనే వెర్షన్ నుంచి వచ్చింది. ప్రోగ్రాములకు అది చాలు. మాకు కావలసింది ఫోల్డరులో ఫోల్డరు, దానిలో మరో ఫోల్డరు. అది అక్కడ కుదరదు.

దశ 3: టైపు చేసి తెరిచే లాంచర్లు

ఇప్పుడు లాంచర్ అంటే అందరూ చెప్పేది ఈ రకమే. మీట నొక్కితే ఒక పెట్టె వస్తుంది, అందులో రెండు మూడు అక్షరాలు కొడితే ప్రోగ్రామో ఫైలో తెరుచుకుంటుంది. ఫ్లో లాంచర్, మైక్రోసాఫ్ట్ ఇచ్చే పవర్‌టాయ్స్ పనిముట్లలోని రన్ రెండూ పెట్టి చూశాను. రెండూ ఉచితం, రెండూ ఆల్ట్, స్పేస్ కలిపి నొక్కితే వచ్చేవే. కాబట్టి రెండింటినీ ఒకే యంత్రంలో ఉంచితే ఒకదాని మీటలు మార్చుకోవాలి.

పని అ 2 సెకన్లకు దిగింది. ప్రోగ్రాములు తెరవడం వరకే అయితే ఇక్కడే డైరీ ముగించేవాడిని.

పని ఇ మాత్రం కొన్నిసార్లు ముందుకంటే ఎక్కువ సమయం తీసుకుంది. మా సీనియర్ ఆపరేటర్ చెప్పిన కారణం ఇది: "సార్, వెతకడం రాక కాదు. ఆ పేరు ఏ స్పెల్లింగుతో కొట్టానో గుర్తు లేదు."

మా ఫైళ్ల పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన తెలుగు. లక్ష్మి అనే పేరును ఒకరు కె, ఎస్, హెచ్ వేసి రాస్తారు, ఇంకొకరు ఎక్స్‌తో తేల్చేస్తారు. చౌదరి పేరుకు మా డిస్కులోనే నాలుగు రూపాలు కనిపించాయి. పెళ్లి అనే మాటను ఎల్ ఒకటి వేసి, రెండు వేసి, చివర ఐతో, వైతో, అవేవీ కాకుండా మ్యారేజ్ అని కూడా రాసి పెట్టుకున్నాం. అక్షరం అక్షరం పోల్చే వెతుకులాటకు ఇవన్నీ వేర్వేరు పేర్లే.

ఇంకో ఇబ్బంది కూడా ఉంది. తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉండగా మరిచిపోయి ఆ పెట్టెలో టైపు చేస్తే పిచ్చి అక్షరాలు పడతాయి. రోజంతా తెలుగు మ్యాటర్ కొట్టే మనిషికి ఇది గంటకోసారి జరుగుతుంది.

ఇక్కడే నా వెతుకులాట దిక్కు మారింది. మా షాపులో పేర్లు నిలకడగా ఉండవు, చోట్లు నిలకడగా ఉంటాయి. కార్డుల రంగు చార్టు ఏ అరలో ఉందో మా వాళ్లు చూడకుండా తీస్తారు. ఫైలును కూడా అలాగే తీయగలగాలి. అంటే మాకు కావలసింది సెర్చ్ పెట్టె కాదు, ఎప్పుడు తెరిచినా అదే వరుసలో ఉండే మెనూ.

ఈ దశ నుంచి ఒక్కటి మిగుల్చుకున్నాను. పేరు తప్ప మరే ఆధారమూ లేని పాత పనుల కోసం ఎవ్రీథింగ్ అనే ఫైళ్లు వెతికే ప్రోగ్రాము. అది ఎన్‌టీఎఫ్‌ఎస్ (విండోస్ ఫైళ్లను అమర్చుకునే పద్ధతి) డిస్కులోని ఫైళ్ల పట్టికను నేరుగా చదువుతుంది కాబట్టి లక్షల పేర్లున్నా కొట్టీకొట్టగానే చూపిస్తుంది. రెండు స్పెల్లింగుల మధ్య నిలువు గీత పెడితే ఏది ఉన్నా పట్టుకుంటుంది. ఎక్కువగా వచ్చే పేర్లకు అన్ని స్పెల్లింగులూ నిలువు గీతలతో కలిపి ఒక కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించాం.

ఇప్పటి లెక్క:
ఐకాన్లు: 143
పని అ: 2 సెకన్లు
పని ఆ: 27 సెకన్లు
పని ఇ: ఎవ్రీథింగ్‌తో 1 నిమిషం 10 సెకన్లు
ఖర్చు: రూ.0

దశ 4: పాత స్టార్ట్ మెనూ

ఓపెన్-షెల్ అనేది విండోస్ 7 తరహా స్టార్ట్ మెనూను తిరిగి తెస్తుంది. 2017లో ఆగిపోయిన క్లాసిక్ షెల్‌ను కొందరు స్వచ్ఛందంగా తీసుకుని ఈ పేరుతో కొనసాగిస్తున్నారు. దీన్ని మూడో నంబరులో పెట్టాను, ఇప్పటికీ తీయలేదు. బిల్లింగ్ యంత్రానికి ఇది చాలు. మీకూ ఇది చాలేమో ముందు చూసుకోండి:

1. విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కండి.
2. పెట్టెలో షెల్ అని ఇంగ్లీషులో కొట్టి, కోలన్ పెట్టి, ప్రోగ్రామ్స్ అని కొట్టి ఎంటర్ నొక్కండి. స్టార్ట్ మెనూ వెనక ఉండే అసలు ఫోల్డరు తెరుచుకుంటుంది.
3. అందులో మీ పనుల పేర్లతో ఫోల్డర్లు చేయండి.
4. కావలసిన ప్రోగ్రాముల, ఫోల్డర్ల షార్ట్‌కట్లు వాటిలో వేయండి.
5. ఓపెన్-షెల్ ప్రోగ్రాముల జాబితాలో అవి అదే అమరికతో కనిపిస్తాయి.

ఆపరేటర్ల యంత్రాల మీద ఇది నిలబడలేదు. రెండేసి మానిటర్లు ఉన్నాయి. కుడి మానిటర్ మీద కార్డు దిద్దుతున్న మనిషి ప్రతిసారీ ఎడమ మానిటర్ మూలకు మౌస్ లాక్కెళ్లాలి. మౌస్ ఎక్కడుంటే మెనూ అక్కడికే రావాలి.

షార్ట్‌కట్ల గురించి ఒక మాట. మా పనులన్నీ ఒక బయటి హార్డ్ డిస్కు మీద ఉండేవి. పెన్‌డ్రైవ్ ముందు పెట్టి డిస్కు తర్వాత పెడితే డ్రైవ్ అక్షరం మారిపోయి షార్ట్‌కట్లన్నీ పనికిరాకుండా పోయేవి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లోకి వెళ్లి ఆ డిస్కుకు పి అనే అక్షరం శాశ్వతంగా ఇచ్చాను. ఏ మెనూ పెట్టినా ముందు ఈ పని చేసుకోండి.

దశ 5: మౌస్ దగ్గరికే వచ్చే మెనూ

క్విక్ యాక్సెస్ పాపప్ ఈ పనికే పుట్టిన ఉచిత ప్రోగ్రాము. మౌస్ మధ్య మీట నొక్కితే బాణం గుర్తు ఉన్నచోటే మెనూ తెరుచుకుంటుంది. పని ఆ మొదటిసారి పది సెకన్ల లోపుకు వచ్చింది ఇక్కడే. ఒక్కరే కూర్చునే యంత్రమైతే ఇంతకు మించి వెతకనక్కర్లేదని నా అభిప్రాయం.

మాకు అడ్డొచ్చినవి రెండు. కోరల్‌డ్రాలో మధ్య మీట పట్టుకుని పేజీని జరపడం మా వాళ్లకు చేతి అలవాటు. రెండోది, ఈ ప్రోగ్రాములో సెట్టింగులు చాలా ఉన్నాయి. మా ఇద్దరు ఆపరేటర్లు చెరో రకంగా మార్చుకున్నారు. ఒకరి సీట్లో ఇంకొకరు కూర్చుంటే మెనూ గుర్తుపట్టలేని పరిస్థితి వచ్చింది. చోటు గుర్తుండాలన్న మొదటి షరతే పోయింది.

మీట సంగతి ముందు తేల్చాను. ఒకటో నంబరుకు బొటనవేలి దగ్గర రెండు అదనపు మీటలున్న మౌస్ కొన్నాను, రూ.650. రెండో నంబరు ఆపరేటర్ ఎడమచేతి వాటం. అలాంటి మౌస్‌లన్నీ దాదాపు కుడిచేతికే మలిచి ఉంటాయి, ఆయనకు ఆ మీటలు ఉంగరం వేలి కిందికి వస్తాయి. అందుకని అక్కడ కీబోర్డు మీద ఎవరూ ముట్టుకోని స్క్రోల్ లాక్ మీటను మెనూకు ఇచ్చాం.

ఖర్చు: రూ.650

దశ 6: సొంత మెనూ

క్విక్ యాక్సెస్ పాపప్ తయారైంది ఆటోహాట్‌కీ అనే స్క్రిప్టు భాషలో. మాకు కావలసినంత చిన్న మెనూకు అదే భాషలో కొద్ది వరుసలు చాలు. మార్చడానికి సెట్టింగులేవీ ఉండకూడదు. మెనూలో ఏముందో ఒక మామూలు నోట్‌ప్యాడ్ ఫైలులో ఉండాలి.

1. ఆటోహాట్‌కీ రెండో వెర్షన్ ఇన్‌స్టాల్ చేయండి. పాత 1.1 కోసం రాసిన స్క్రిప్టులు ఇందులో నడవవు.
2. ఒక ఫోల్డరులో రెండు ఫైళ్లు పెట్టండి: స్క్రిప్టు, జాబితా.
3. జాబితాలో ఒక్కో వరుసలో మూడు భాగాలు: అంకె, తెలుగు పేరు, ఫైలు లేదా ఫోల్డరు దారి. మధ్యలో నిలువు గీతలు.
4. స్క్రిప్టు ఆ వరుసలు చదివి మెనూ కట్టాలి. దారి ఉంటే నేరుగా తెరిచే అంశం, లేకపోతే కింది వరుసలతో ఉపమెనూ.
5. మీట నొక్కగానే మెనూ చూపే వరుస ఒకటి.
6. స్క్రిప్టు షార్ట్‌కట్‌ను స్టార్టప్ ఫోల్డరులో వేయండి. విండోస్ మీట, ఆర్ నొక్కి, షెల్, కోలన్, స్టార్టప్ అని కొడితే ఆ ఫోల్డరు వస్తుంది.

స్క్రిప్టును ప్రోగ్రాము ఫైలుగా మార్చకండి. అలా మార్చినవాటిని యాంటీవైరస్‌లు తరచుగా అనుమానించి పక్కన పడేస్తాయి. స్క్రిప్టుగానే నడిస్తే ఆ గొడవ లేదు.

ఇక్కడి నుంచి ఎదురైన చిక్కులు, వరుసగా.

తెలుగు ఫోల్డరు పేర్లు. మొదట డిస్కు మీది ఫోల్డర్లకే తెలుగు పేర్లు పెట్టి చూశాను. ఫొటోషాప్ పలికింది, పేజ్‌మేకర్ పలకలేదు. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో, దానికి యూనికోడ్ (అన్ని భాషల అక్షరాలకూ కలిపి ఉన్న సంకేతాల పద్ధతి) తెలియదు. తెలుగుకు విండోస్‌లో పాత తరహా కోడ్ పేజీ (ఒక్కో భాషకు విడిగా ఉండే అక్షర సంకేతాల పట్టిక) కూడా లేదు, ఉన్నది యూనికోడే. దాంతో దారిలో తెలుగు అక్షరం ఉన్నచోటల్లా ప్రశ్నార్థకాలు వచ్చి ఫైలు తెరుచుకోదు. పైగా పాత ప్రోగ్రాములకు మొత్తం దారి 260 అక్షరాలు దాటకూడదు. లక్ష్మి అని రాస్తే మన కంటికి రెండక్షరాలు, కంప్యూటర్ లెక్కకు ఏడు. కాబట్టి డిస్కు మీద ఫోల్డర్ల పేర్లు పొట్టి ఇంగ్లీషు అక్షరాల్లో, అంకెల్లో ఉంచాను. తెలుగు పేరు మెనూలో మాత్రమే ఉంటుంది. జాబితాలో పేరు, దారి వేరువేరు భాగాలుగా ఉన్నది ఇందుకే.

పిచ్చి అక్షరాలు. స్క్రిప్టులో నేను రాసిన "మెనూ మూసేయి" చక్కగా కనిపించింది, జాబితా నుంచి వచ్చిన పేర్లన్నీ గీతలు గీతలుగా వచ్చాయి. ఆటోహాట్‌కీ 2 తన స్క్రిప్టును యూటీఎఫ్-8 (యూనికోడ్ అక్షరాలను ఫైలులో రాసే పద్ధతి)గానే చదువుతుంది, బయటి ఫైళ్లను మాత్రం ఏమీ చెప్పకపోతే విండోస్ పాత కోడ్ పేజీతో చదువుతుంది. ఫైలు చదివే ఆదేశంలో యూటీఎఫ్-8 అని రాస్తే సరిపోయింది.

మాయమైన గుర్తు. పెళ్లికార్డుల ఫోల్డర్ల పేర్లలో వరుడి పేరుకు, వధువు పేరుకు మధ్య "&" ఉంటుంది. మెనూలో అన్నిచోట్లా అది మాయమైంది. విండోస్ మెనూలలో ఆ గుర్తుకు వేరే పని ఉంది: దాని తర్వాతి అక్షరాన్ని నొక్కుడు మీటగా మారుస్తుంది. గుర్తు కనిపించాలంటే రెండుసార్లు వేయాలి. స్క్రిప్టులో ప్రతి పేరులోనూ ఒకదాన్ని రెండుగా మార్చే వరుస కలిపాను.

ఆ చిక్కు వల్ల ఒక లాభం దొరికింది. జాబితాలోని అంకె ముందు ఆ గుర్తును స్క్రిప్టే ఒకసారి వేస్తుంది. ఇప్పుడు మెనూ తెరిచి 2, 4, 1 నొక్కితే కార్డులు, పెద్దకర్మ, ఖాళీ డిజైన్ వరుసగా తెరుచుకుంటాయి. అంకెల ప్యాడ్ కాబట్టి తెలుగు కీబోర్డు ఆన్‌లో ఉందా లేదా అన్న బెంగ లేదు.

పది తర్వాత రెండు. పనుల ఫోల్డర్లను స్క్రిప్టు నేరుగా డిస్కు నుంచి చదువుతుంది. ఎక్స్‌ప్లోరర్ 2 తర్వాత 10 చూపిస్తుంది, ఎందుకంటే అంకెలను విలువను బట్టి వరుస పెట్టే తెలివి దానికి ఉంది. స్క్రిప్టుకు డిస్కు ఇచ్చే వరుసలో 10 ముందు, 2 తర్వాత వస్తాయి. నెలల ఫోల్డర్లకు 01, 02 అని రెండంకెల పేర్లు పెట్టాం. మా నెలలు తెలుగు నెలలే, చైత్రం 01 నుంచి ఫాల్గుణం 12 దాకా. పెళ్లివారు "మాఘంలో వేయించాం" అని చెబుతారు గాని ఫిబ్రవరి అనరు. అధిక మాసం వచ్చిన ఏడు ఆ పనులు అదే పేరున్న నిజ మాసం ఫోల్డరులోనే వేస్తాం.

పేజ్‌మేకర్ ముందుంటే రాని మెనూ. అన్ని ప్రోగ్రాముల మీదా వచ్చిన మెనూ ఒకటో నంబరులో పేజ్‌మేకర్ మీద మాత్రం రాలేదు. మౌస్ పక్క మీట నొక్కినా చలనం లేదు. మా దగ్గర పేజ్‌మేకర్‌ను అడ్మినిస్ట్రేటర్ హోదాలో నడిచేలా ఎప్పుడో పెట్టి ఉంచారు. ఆ హోదాలో నడిచే విండో ముందున్నప్పుడు మామూలు హోదాలోని స్క్రిప్టుకు మౌస్ మీటలు అందకుండా విండోస్ ఆపుతుంది. స్క్రిప్టుకూ అదే హోదా ఇవ్వవచ్చు గాని, అప్పుడు మెనూ నుంచి తెరిచే ప్రతిదీ ఆ హోదాలోనే తెరుచుకుంటుంది. అప్పుడు ఎక్స్‌ప్లోరర్ నుంచి ఫొటోలు లాగి ఫొటోషాప్‌లో వేయడం కుదరదు. తిరగేసి ఆలోచించాను: పేజ్‌మేకర్‌కు ఆ హోదా ఎందుకు కావలసి వచ్చింది? తన సొంత ఫోల్డరులోనే ఏవో ఫైళ్లు రాసుకోవడానికి. ఆ ఫోల్డరు ప్రాపర్టీస్‌లో సెక్యూరిటీ కింద మామూలు యూజర్లకు మాడిఫై అనుమతి ఇచ్చి, అడ్మినిస్ట్రేటర్ టిక్కు తీసేశాను. రెండూ కుదిరాయి.

పొద్దున్నే నిలిచిపోయే మెనూ. పి డిస్కు ఒకటో నంబరుకు తగిలించి ఉంటుంది, రెండో నంబరు దాన్ని నెట్‌వర్క్ ద్వారా చూస్తుంది. ఒకటో నంబరు ఆన్ చేయకముందు రెండో నంబరులో మీట నొక్కితే మెనూ రావడానికి 22 సెకన్లు పట్టింది. లేని డిస్కు కోసం విండోస్ ఎదురుచూస్తూ కూర్చుంటుంది. మార్పు: జాబితా ప్రతి యంత్రం సి డ్రైవ్‌లో ఒక నకలు, పై రెండు మెట్లు దాని నుంచే. పి డిస్కును "ఈ నెల పనులు" ఎంచుకున్నప్పుడే ముట్టుకుంటుంది.

అన్ని ఏళ్ల పనులూ ఒకేసారి చదివితే నెట్‌వర్క్ ఉన్నా 3.4 సెకన్లు పట్టింది. మెనూకు అది చాలా ఎక్కువ. ఈ నెలలో చివరి 15 పనులు మాత్రం చూపించి, అన్నిటికన్నా కింద "ఫోల్డరు తెరువు" అని పెట్టాను. ఇప్పుడు కంటికి ఆలస్యం తెలియదు.

దశ 7: మెనూలో ఏ అంకెకు ఏది

ఎక్కువ వాదన జరిగింది దీని మీదే. నేను ప్రోగ్రాములను మొదట పెట్టాలన్నాను. ఆపరేటర్లు వద్దన్నారు, "ప్రోగ్రాము తెరిచి కూర్చుంటే పని రాదు సార్, పని తెరిస్తే ప్రోగ్రాము దానంతట అదే వస్తుంది" అని. వాళ్లదే సరి. చివరి వరుస ఇది:

1. ఈ నెల పనులు
2. కార్డులు (పెళ్లి, గృహప్రవేశం, ఓణీలు, పెద్దకర్మ)
3. బిల్లు పుస్తకాలు, లెటర్‌హెడ్‌లు
4. ఫ్లెక్సీలు
5. కరపత్రాలు
6. బొమ్మలు (దేవుళ్లు, బోర్డర్లు, కలశాలు)
7. ఫాంట్లు
8. ప్రోగ్రాములు
9. ప్రెస్‌కు పంపవలసినవి

ఈ నెల పనుల జాబితా తప్ప మెట్టుకు తొమ్మిది దాటకూడదు, మూడు మెట్లు దాటకూడదు. అంకెలు ఒకసారి ఇచ్చాక మార్చకూడదు. ఏదైనా తీసేస్తే ఆ అంకె ఖాళీగా ఉంచాలి గాని కిందివాటిని పైకి జరపకూడదు. 5 ఇప్పటికే దాదాపు ఖాళీ, కరపత్రాలు వేయించేవారు తగ్గిపోయారు. అయినా ఉంచాం.

చివరి లెక్క, రెండో నంబరు మీద:
ఐకాన్లు: 143 నుంచి 4
పని అ: 2 సెకన్లు
పని ఆ: 5 సెకన్లు
పని ఇ: నెల తెలిస్తే 20 సెకన్లు, తెలియకపోతే ఎవ్రీథింగ్‌తో 1 నిమిషం
ఖర్చు: మౌస్ రూ.650, సాఫ్ట్‌వేర్ రూ.0

మిగిలి ఉన్నవి

పాత పనులు ఒక డబ్బా నిండా సీడీల మీద ఉన్నాయి. వాటిలో కొన్ని చదవడం లేదు. చదివినవాటిని ఏడాది, నెల ఫోల్డర్లలోకి ఎక్కిస్తున్నాం, నెల తెలియనివి 00 అనే ఫోల్డరులోకి.

జాబితా నకలు ఇప్పుడు చేత్తో చేస్తున్నాను. లాగిన్ అయినప్పుడు పి డిస్కు నుంచి సి డ్రైవ్‌కు దానంతట అదే వచ్చేలా రోబోకాపీ (విండోస్‌లోనే ఉండే ఫైళ్ల నకలు తీసే ఆదేశం)తో ఒక వరుస రాయాలి. పి డిస్కు అందుబాటులో లేనప్పుడు రోబోకాపీ ఊరికే మళ్లీమళ్లీ ప్రయత్నిస్తుంది, ప్రతి ప్రయత్నానికి మధ్య 30 సెకన్ల చొప్పున. కాబట్టి ప్రయత్నాల సంఖ్యను, మధ్య విరామాన్ని ఆదేశంలోనే తగ్గించి రాయాలి. శ్రావణం మొదలయ్యేలోగా ఇది పూర్తి కావాలి.